మావయ్యతో సప్తసాగర యాత్ర, సైకిల్ మీద

ప్రశ్న: నాకు 36 ఏళ్లు, హైదరాబాద్‌లో ఉద్యోగం. ఆదివారాలు ఔటర్ వైపు 60, 70 కిలోమీటర్లు సైకిల్ తొక్కుతుంటాను. కాకినాడలో ఉండే మా మావయ్యకు 61. రిటైరయ్యాక రోజూ పొద్దున్నే తన పాత అట్లాస్ సైకిల్ మీద ఊరంతా తిరిగొస్తారు. చాలా ఏళ్లు పిల్లల్లేక, అమ్మమ్మ వాళ్లు సప్తసాగర యాత్ర (గోదావరి ఏడు పాయలు సముద్రంలో కలిసే చోట్ల స్నానాలు) చేశాకే మావయ్య పుట్టారని ఇంట్లో చెబుతారు. ఆ దారినే చొల్లంగి నుంచి అంతర్వేది దాకా ఇద్దరం సైకిళ్ల మీద వెళ్లాలని ఆయన కోరిక. మ్యాప్‌లో చూస్తే వంద కిలోమీటర్ల పైచిలుకు. సంక్రాంతి సెలవుల్లో రెండు రోజుల్లో ముగిద్దామని నేను, అంత తొందరేమిటని ఆయన. ఏడు సంగమాలకూ సైకిల్ వెళుతుందా? నా రోడ్ బైక్ పనికొస్తుందా? రాత్రిళ్లు ఎక్కడ ఉండాలి? అమ్మేమో ‘ఈ వయసులో ఆయన్ని లంకల్లో తిప్పుతావా’ అని టెన్షన్ పడుతోంది.

జవాబు: మీ ఇద్దరి తగువులో నా ఓటు మావయ్యగారికే. మీరు చూసిన వంద కిలోమీటర్లు హైవే లెక్క. 216 నంబరు జాతీయ రహదారి పట్టుకుంటే మీలాంటి వాళ్లకు రెండు రోజులు కూడా అక్కర్లేదు. తలొంచుకుని తొక్కితే సాయంత్రానికి రాజోలులో ఉంటారు. కాకపోతే దారి పొడుగునా చూసేది లారీల వెనక డాలాలే. ఈ యాత్రకు అయిదు రోజులు పెట్టండి. రోజుకు యాభై కిలోమీటర్లు దాటొద్దు. చాలా రోజులు అంత కూడా ఉండదు.

డెల్టాలో ప్లాన్ మొదలుపెట్టాల్సింది ఎన్ని కిలోమీటర్లన్న దగ్గర కాదు, ఎన్ని నీళ్లు దాటాలన్న దగ్గర. ధవళేశ్వరం దిగాక గోదావరి రెండుగా చీలి తూర్పున గౌతమి, పడమర వసిష్ఠ అవుతుంది. వసిష్ఠలోంచి మధ్యలో వైనతేయ విడిపోతుంది. గౌతమికీ వసిష్ఠకూ నడుమ ఉన్నది కోనసీమ. అంటే మీరు పెద్ద నీళ్లు మూడుచోట్ల దాటాలి: యానాం దగ్గర గౌతమి, ఆ తర్వాత వైనతేయ, ఆఖర్న సఖినేటిపల్లి దగ్గర వసిష్ఠ. మొదటి రెండింటికీ వంతెనలున్నాయి. మూడోదానికి పంటు, అంటే మనుషులతో పాటు బళ్లనూ దాటించే పెద్ద పడవ, ఎక్కాలి. ఈ మూడూ ఏ రోజు, ఏ పూట దాటుతారో ముందు కాగితం మీద రాసుకోండి. మిగతా దారి దానంతటదే కుదురుతుంది.

ఇక ఏడు సంగమాల సంగతి. సప్తర్షుల పేరున తుల్యభాగ, ఆత్రేయ, గౌతమి, వృద్ధగౌతమి, భరద్వాజ, కౌశిక, వసిష్ఠ అని ఏడు పాయలు చెబుతారు. ఏ పాయ స్నానం ఎక్కడన్నది చెప్పేవాళ్లను బట్టి కొంత మారుతుంది, దాని గురించి ఎవరితోనూ వాదన పెట్టుకోకండి. సైకిల్ ఏడింటికీ వెళ్లదు. నది సరిగ్గా సముద్రంలో కలిసే కొసదాకా వెళ్లాలనుకుంటే, గౌతమి వైపు అయితే మడ అడవులు దాటి పడవలో పోవాలి. పైగా ఆ కొస ఒకచోట నిలబడేది కాదు. గోదావరి తెచ్చిన ఒండ్రుతో నేల ముందుకు జరుగుతూనే ఉంటుంది. కాకినాడ ఎదురుగా ఉన్న హోప్ ఐలాండ్ అలా మేటవేసిన ఇసుకే. కొన్ని పాయలైతే ఇప్పుడు పేరుకే నదులు. తుల్యభాగను మురుగు కాలువ అంటేనే జనానికి తెలుస్తుంది. కౌశిక చాలాచోట్ల ఓ చిన్న కాలువలా ఉంటుంది, పక్కనుంచి వెళుతూ కూడా గుర్తుపట్టరు. కాబట్టి ఏడు కొసలూ తాకాలన్న పట్టుదల వదిలేయండి. రోడ్డు మీద నుంచి దిగి నీళ్లు చల్లుకోగలిగిన చోట చల్లుకోండి. పడవ కావాల్సిన వాటికి మావయ్యగారిని ఇంకోసారి తీసుకెళ్దురుగాని.

సంక్రాంతికి మాత్రం వద్దు. భోగి నుంచి కనుమ దాకా కోనసీమలో గది దొరకదు. ఊళ్లో పుట్టినవాళ్లంతా కార్లేసుకుని దిగుతారు, పందేల బరుల దగ్గర రోడ్డుకు రెండువైపులా బళ్లే. కనుమ నాడు మొసలపల్లి జగ్గన్నతోటలో ప్రభల తీర్థం. చుట్టుపక్కల ఊళ్ల నుంచి పదకొండు ప్రభలు, అంటే దేవుణ్ని నిలిపి భుజాల మీద మోసుకొచ్చే అలంకరించిన చట్రాలు, వస్తాయి, జన్మకోసారి చూడాల్సిందే, కానీ ఆ రోజు అంబాజీపేట చుట్టుపక్కల సైకిల్ నడిపించుకుంటూ పోవడానికి కూడా సందు ఉండదు.

మీ అమ్మమ్మగారు వెళ్లిన లెక్క వేరు. పుష్య అమావాస్య, అదే చొల్లంగి అమావాస్య నాడు చొల్లంగిలో మొదటి స్నానం చేసి, ఒక్కో పాయా చూసుకుంటూ మాఘ శుద్ధ ఏకాదశికి అంతర్వేది చేరేవారు. భీష్మ ఏకాదశి అని మనం పిలిచేది అదే. సాధారణంగా ఇది జనవరి, ఫిబ్రవరి నెలల్లో పడుతుంది, పంచాంగం చూసుకోండి. అప్పటికి చలి ఇంకా ఉంటుంది, తుఫాన్ల కాలం పోయి ఉంటుంది, పొలాల్లో దాళ్వా (రెండో పంట వరి) ఊడ్పులు చివరికొచ్చి కాలువల నిండా నీళ్లుంటాయి. ఆ రోజుల్లో గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి వస్తుంది. మీరు పోయేది నైరుతికి. వీపున గాలి పెట్టుకుని పోవడం ఎంత సుఖమో మీకు నేను చెప్పక్కర్లేదు. ఇదే దారి ఏప్రిల్‌లో తొక్కితే ఎదురుగాలి, ఉప్పు చెమట తప్ప ఏమీ గుర్తుండదు.

మరి ఏకాదశికి అంతర్వేది చేరాలా? నా సలహా, వద్దు. దశమి రాత్రి కల్యాణం, ఏకాదశి నాడు రథోత్సవం. లక్షల జనం, పోలీసులు బళ్లను చాలా దూరంలోనే ఆపేస్తారు. సైకిల్ ఎక్కడ పెట్టారో మీకే తెలియకుండా పోతుంది. అమావాస్యకు చొల్లంగిలో అందరితో పాటు మునగండి, ఆ జనంలో మునగడం మావయ్యగారికి ముఖ్యం. ఆ మర్నాడు కాకినాడ నుంచి సైకిళ్లు తీయండి. చవితి, పంచమి నాటికి అంతర్వేదిలో ఉంటారు. పందిళ్లు వేస్తుంటారు, దర్శనం తేలిగ్గా అవుతుంది.

మొదటి రోజు కాకినాడ నుంచి యానాం. ముప్పై కిలోమీటర్లే అని తీసిపారేయకండి, మధ్యలో కోరంగి ఉంది. చెట్ల నీడలో చెక్క వంతెన మీద మడ అడవిలోకి నడవొచ్చు. సైకిళ్లు బయట పెట్టి తాళం వేసి పొద్దున్నే వెళ్లండి, తర్వాత సందర్శకులు ఎక్కువ. అడవి చూసొచ్చాక కోరంగి ఊళ్లోకి ఓసారి వెళ్లమంటాను. చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు, అదే చూడాల్సింది. ఒకప్పుడు ఇక్కడ ఓడలు కట్టేవారు, ఇక్కడి నుంచి మనవాళ్లు రంగూన్‌కు వెళ్లేవారు, బర్మాలో తెలుగువాళ్లందరినీ కోరంగీలనే అనేవారు. 1839 తుఫానులో ఉప్పెన వచ్చి రేవును ఊడ్చేసింది. మళ్లీ పాత కళ రాలేదు. సముద్రం కూడా ఇప్పుడు అక్కడ లేదు.

రాత్రి యానాంలో ఉండండి, లాడ్జీలకు కొదవ లేదు. 1954 దాకా ఫ్రెంచివాళ్ల చేతిలో ఉన్న ఊరు, సాయంత్రం గోదావరి గట్టున నడవడానికి బాగుంటుంది. మందు చవకని వచ్చేవాళ్లూ ఎక్కువే. వారాంతం రాత్రి రోడ్డు మీదకు సైకిల్ తీయకండి, అంతే.

రెండో రోజు పొద్దున్నే ఎదుర్లంక వారధి. బాలయోగి పేరు పెట్టిన ఈ వంతెన రాకముందు ఇక్కడ పంటు కోసం గంటలు గంటలు నిలబడేవారు, మావయ్యగారికి గుర్తుండే ఉంటుంది. ఈ మొత్తం యాత్రలో ఎత్తు ఎక్కడం అంటే వంతెనలు ఎక్కడమే. కాని గాలి అడ్డంగా కొడుతుంది, పక్క నుంచి బస్సు పోతే సైకిల్ ఊగుతుంది. ఒకరి వెనక ఒకరు వెళ్లండి. ఫొటోకు ఆగాలంటే పూర్తిగా దిగి గోడవారకు జరగండి. జనవరి చివర మంచు ఎనిమిదింటి దాకా విడవదు, వెనక ఎర్ర లైటు వెలుగుతూ ఉండాలి. మావయ్యగారి అట్లాస్‌కు కూడా ఒకటి కట్టండి, ఆయన వద్దన్నా సరే.

వంతెన దిగాక మురమళ్లలో వీరేశ్వరస్వామి గుడి, రోజూ కల్యాణం జరిగే చోటు. ముమ్మిడివరం దగ్గర హైవే వదిలేసి కాట్రేనికోన వైపు తిరగండి. వృద్ధగౌతమి ఒడ్డున కుండలేశ్వరం ఉంది, ఏడింట్లో ఒకదాని లెక్క అక్కడ తీరుతుంది. ఈ వైపు రొయ్యల చెరువులు ఎక్కువ. చెరువు గట్ల మీదికి వెళ్లకండి. కాపలా కుక్కలుంటాయి, అవి సైకిల్‌ను చూస్తే ఊరుకోవు. కుక్క వెంటపడితే తొక్కడం ఆపి దిగి, సైకిల్‌ను మీకూ దానికీ మధ్య పెట్టుకుని నిలబడండి. చాలావరకు అదే వెనక్కి పోతుంది. తాగునీళ్లు ముమ్మిడివరంలోనే నింపుకోండి. తీరం దగ్గర బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. రాత్రికి అమలాపురం.

మూడో రోజు గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే చాలామంది ఇక్కడ దారి తప్పుగా ఎంచుకుంటారు. అమలాపురం నుంచి హైవే మీద బోడసకుర్రు వంతెన ఎక్కి వైనతేయ దాటి తిన్నగా రాజోలు పోవచ్చు. ఆ పక్కనే పాశర్లపూడిలో 1995 జనవరిలో గ్యాస్ బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. కోనసీమలో అప్పటికి ఊహ తెలిసినవాళ్లు ఎవరిని కదిపినా ఆ మంట గురించి చెబుతారు. ఇంకొందరు సముద్రం చూడాలని ఓడలరేవు పోతారు. ఓడలరేవు దగ్గర కలిసేది వైనతేయ. దాన్ని గరుత్మంతుడు తెచ్చాడంటారు, రుషుల ఏడింట్లో అది లేదు. అక్కడికి పోకపోయినా మీ పుణ్యానికి లోటేం రాదు.

నేనైతే అంబాజీపేట మీదుగా పి.గన్నవరం పొమ్మంటాను. పొద్దున టిఫిన్ అంబాజీపేటలో పొట్టిక్కలు. పనసాకుల బుట్టలో ఆవిరి మీద ఉడికిన ఇడ్లీ, ఆకు వాసన పట్టి ఉంటుంది. ఎనిమిది దాటితే అయిపోతాయి. కౌశికను కూడా ఈ చుట్టుపక్కలే, జగ్గన్నతోట దగ్గర చూసేయొచ్చు. పండగ అయిపోయాక అది ఒట్టి కొబ్బరితోట. ఆ నిశ్శబ్దంలో మావయ్యగారు కాసేపు కూర్చుంటానంటే కూర్చోనివ్వండి.

గన్నవరంలో ఆగి చూడాల్సింది అక్విడక్టు. వైనతేయ మీదుగా కాలువ నీళ్లను అవతల నగరం అనే ఊరున్న లంకకు పంపడానికి 1850ల్లో కట్టారు. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయిందంటే, దాని వెంటనే అన్నమాట. కింద నది, పైన కాలువ. పాత కమానులు ఇంకా నిలబడే ఉన్నాయి, పక్కనే కొత్తది కట్టి దానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. 1841లో పుట్టి 1909లో పోయిన ఆ తల్లి వేళాపాళా లేకుండా వచ్చినవాళ్లకల్లా అన్నం పెట్టింది. ఒకసారి అంతర్వేది తీర్థానికి బయల్దేరిన ఆవిడ దారిలో ఆకలితో ఉన్న పెళ్లివారు ‘సీతమ్మగారింటికి చేరితే చాలు’ అనుకోవడం విని, యాత్ర మానేసి వెనక్కొచ్చి వంట మొదలెట్టిందని ఇక్కడ చెప్పుకుంటారు. మీరు అంతర్వేదికి పోయే దారి కూడా అదే.

గన్నవరం దాటాక హైవే వైపు రావద్దు. కాలువ గట్లున్నాయి. లాకుల దగ్గర, టీ కొట్ల దగ్గర అడుగుతూ పోండి. ‘గట్టు ఎందాకా వెళుతుందండీ’ అంటే చెబుతారు, దాంతో పాటు మీదే ఊరు, ఎవరి తాలూకా, ఆయన మీకేమవుతారు, ఆయ్, ఇంత దూరం సైకిలు మీదేంటండీ అని నాలుగు ప్రశ్నలూ వస్తాయి. విసుక్కోకుండా చెప్పండి, లేత బొండం దొరికేది అలాగే. నగరం, మామిడికుదురు మీదుగా పోతూ ఆదుర్రు చూడండి. వైనతేయ ఒడ్డున బౌద్ధ స్తూపం పునాదులు, ఇటుకలతో చక్రం ఆకారంలో కనిపిస్తాయి. కోనసీమ అంటే గుళ్లూ కొబ్బరిచెట్లే అనుకునేవాళ్లకు ఇది కొత్తగా ఉంటుంది. అప్పనపల్లి కూడా దగ్గరే, మధ్యాహ్నానికి చేరితే గుళ్లో భోజనం పెడతారు. రాత్రి రాజోలులోనో, కాస్త ఖర్చు పెట్టుకుంటే దిండి రిసార్టులోనో ఉండొచ్చు. పులస గురించి మాత్రం అడిగి నవ్వులపాలవ్వకండి, అది వరదల నాటి చేప.

నాలుగో రోజు మలికిపురం మీదుగా అంతర్వేది. తేలిక దారి. గదుల కోసం దేవస్థానం వాళ్లకు ముందే ఫోన్ చేసి ఉంచండి, ఆధార్ కార్డులు ఇద్దరివీ కావాలి. గుడి దగ్గర్నుంచి అన్నాచెల్లెళ్ల గట్టు వైపు వెళ్తే వసిష్ఠ సముద్రంలో కలిసే చోటు. ఇసుకలో సైకిల్ దిగబడుతుంది, నడిచే వెళ్లండి. స్నానానికి నడుం లోతు దాటొద్దు, సంగమం దగ్గర లాగుడు ఎక్కువ.

ఇప్పుడు సైకిళ్లు. మీ రోడ్ బైక్ ఇంట్లోనే ఉంచండి. సన్న టైర్లు సిమెంటు రోడ్డు అతుకుల మీద నడుము విరగ్గొడతాయి, గట్టు మీద ఒక్క పూట కూడా నిలవవు. 35 మిల్లీమీటర్లు, అంతకన్నా వెడల్పు టైర్లున్న హైబ్రిడ్ ఎవరిదగ్గరైనా తీసుకోండి. గట్ల మీద ఎక్కడ చూసినా సర్కారు తుమ్మ, పంక్చర్ ఖాయమనే అనుకోవాలి. ప్రతి ఊళ్లోనూ పంక్చర్ షాపు ఉంది, కాని వాళ్ల దగ్గర గాలి గొట్టం మోటార్ సైకిల్ వాల్వుకు సరిపోయేది. మీ ట్యూబుకు సన్నటి ప్రెస్టా వాల్వు ఉంటే ఆ గొట్టం పట్టదు. దానికి గోరంత ఇత్తడి అడాప్టరు ఉంటుంది, ధర చాలా తక్కువ, రెండు తీసుకుని ఒకటి పర్సులో, ఒకటి సీటు కింద సంచిలో పెట్టండి. మీ సైజు ట్యూబులు కూడా కోనసీమలో దొరుకుతాయని నమ్ముకోకండి, మూడు వెంట తెచ్చుకోండి. ముల్లు దిగినప్పుడు ట్యూబు మార్చేసి ఊరుకుంటే అదే ముల్లు కొత్తదాన్నీ పొడుస్తుంది. టైరు లోపల గుడ్డముక్క ఒకటి చుట్టూ తిప్పండి, వేలికి తెలియని ముల్లు మొన గుడ్డకు తగులుకుంటుంది. గోళ్లు తీసుకునే కట్టర్‌తో దాన్ని బయటికి లాగండి.

మావయ్యగారి అట్లాస్‌ను ఏమీ మార్చొద్దు. డెల్టా అంతా బల్లపరుపు నేల, గేర్లతో పని లేదు. ఆ టైరూ ట్యూబూ ప్రతి సైకిల్ షాపులోనూ ఉంటాయి. రాడ్ బ్రేకుల రబ్బర్లు కొత్తవి వేయించి, బేరింగులకు గ్రీజు పెట్టించి, చైను బిగువు చూడమనండి. పాత సీటు ఆయనకు అలవాటైనదే ఉంచండి. అంతర్వేదిలో ఉప్పుగాలికి రాత్రికి రాత్రే చైను ఎర్రబడుతుంది, మంచినీళ్లతో కడిగి తుడిచి రెండు చుక్కలు నూనె వేసి పడుకోండి. ఇద్దరి సైకిళ్లకూ.

అమ్మగారికి చెప్పాల్సింది ఏమిటంటే, ఇక్కడ నాలుగైదు కిలోమీటర్లకో ఊరు, ఊరూరా ఆటో, పెద్ద ఊళ్లలో ఆస్పత్రి ఉన్నాయి. అడవిలో పోతున్నట్టు కాదు. అసలు ఇబ్బంది మీ వేగంతోనే. మావయ్యగారు ముందుండాలి, మీరు వెనక. మీరు ముందుంటే ఆయన మీ వెంట పడి తొక్కుతారు, మొహమాటానికి ఆగమని చెప్పరు. బయల్దేరే ముందు ఆయన బీపీ, షుగర్ చూపించండి, వేసుకునే మాత్రలు రెండు చోట్ల విడివిడిగా పెట్టుకోండి. పదకొండు నుంచి మూడు దాకా నీడపట్టున ఉండండి. గుళ్లు కూడా మధ్యాహ్నం మూసే ఉంటాయి.

అయిదో రోజు సఖినేటిపల్లి రేవు. పంటు ఎక్కేటప్పుడు పోటు, పాటు చూసుకోవాలి. పోటు మీద ఉంటే పంటు గట్టుకు దాదాపు సమానంగా ఉంటుంది, సైకిల్ నడిపించుకుంటూ ఎక్కేస్తారు. పాటు వేళ నీళ్లు దిగిపోయి రేవు కిందికి వాలుగా, నాచు పట్టి ఉంటుంది. మీ సైకిల్ బూట్ల కింద ఇనుప బిళ్లలుంటే అక్కడ జారడం ఖాయం, చెప్పులు వేసుకోండి. మోటార్ సైకిళ్లు, ఆటోలు ఎక్కేదాకా ఆగి, ఆఖర్న ఎక్కి అంచుకు కాకుండా మధ్యలో నిలబడండి. ముందు చక్రం అడ్డంగా తిప్పి పట్టుకోవాలి, స్టాండు మీద వదిలేయొద్దు. గాలి ఎక్కువున్నా, నీళ్లు ఎక్కువున్నా పంటు ఆపేస్తారు. అందుకే ఈ దాటడం పొద్దున పూట పెట్టుకోండి, రైలు సాయంత్రం.

అవతలి ఒడ్డు నరసాపురం. రైళ్లు అక్కడే బయల్దేరతాయి కాబట్టి సైకిల్ ఎక్కించడానికి తీరికగా వీలుంటుంది. టికెట్టు తీసుకుని ముందు పార్సిల్ ఆఫీసుకు వెళ్లండి. మీ పేరు, దిగే స్టేషను రాసిన అట్టముక్క సైకిల్‌కు రెండు చోట్ల కట్టి, సీసా, లైటు, పంపు విప్పి మీ సంచిలో పెట్టుకోండి. మావయ్యగారు కాకినాడ వెళ్లాలి కాబట్టి ఆయన సైకిల్‌ను ఏ రైల్లో, ఎక్కడ మారి పంపాలో మీది బుక్ చేసేటప్పుడే అడిగి, ముందు ఆయన్ని ఎక్కించి తర్వాత మీరు ఎక్కండి.